జ్ఞాపికలు సరే, నిబంధనలు ఎక్కడ? వరంగల్ నగరంలోని ప్రైవేటు సంస్థల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన యాజమాన్యాల వారికి,

నమస్కారాలు.

వరంగల్, హనుమకొండ, కాజీపేటలలో ఆసుపత్రులు, వస్త్ర దుకాణాలు, కళాశాలలు, చిట్‌ఫండ్ కార్యాలయాలు, రైస్ మిల్లులు నడుపుతున్న మీకు, మడికొండ ఐటీ పార్కులోనూ, గీసుగొండ, సంగెం మండలాలలోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులోనూ ఎందరికో పని కల్పిస్తున్న మీకు ఈ లేఖ రాస్తున్నాను. ఈ ఊళ్లోనే కొన్ని ప్రైవేటు సంస్థల జీతాల విభాగాలలో పనిచేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నవాణ్ణి కనుక, ఉద్యోగి చేతికి ఏది ఏ పేరుతో ఎప్పుడు చేరుతుందో, ఏది చేరకుండా ఎక్కడ ఆగిపోతుందో దగ్గరగా చూసే అవకాశం నాకు కలిగింది. ఇటీవలి కాలంలో మీలో చాలామంది ఉద్యోగులను ప్రోత్సహించడానికి అవార్డులు, ఇన్సెంటివ్‌లు, 'ఈ నెల ఉత్తమ ఉద్యోగి' వంటి పథకాలు మొదలుపెట్టారు. మొదలుపెట్టనివారు ఆ ఆలోచనలో ఉన్నారు. ఆలోచన మంచిదే. నా అభ్యంతరమల్లా ఒక్కటే: మన సంస్థలలో బహుమతి ఇప్పటికీ యజమాని మెప్పుగానే ఉంది తప్ప, ఏ పనికి ఎంత వస్తుందో, ఎవరు నిర్ణయిస్తారో ఉద్యోగికి ముందే తెలిసే నిబంధనగా మారలేదు. అది నిబంధనగా మారాలని, ఆ నిబంధన అందరికంటే తక్కువ జీతం తీసుకునే మనిషి నుంచి మొదలు కావాలని కోరడానికే ఈ లేఖ.

ఇప్పుడు జరుగుతున్నదేమిటో చూడండి. ఆగస్టు 15కో, జనవరి 26కో, సంస్థ వార్షికోత్సవానికో ఒక సభ ఏర్పాటు చేస్తారు. ఫ్లెక్సీ కడతారు, ముఖ్య అతిథిని పిలుస్తారు, పది పదిహేను మందికి శాలువా కప్పి జ్ఞాపిక ఇచ్చి ఫొటో తీస్తారు. ఆ జాబితా ఎలా తయారైందని అడిగితే విభాగాధిపతులు పేర్లు పంపారని చెబుతారు. విభాగాధిపతి ఎవరి పేరు పంపుతాడు? పగటి పూట తన కళ్ల ముందు తిరిగేవారి పేరు, పిలవగానే పలికేవారి పేరు. ఇందులో ఆయనకు దురుద్దేశం ఉండనక్కర లేదు. రాత్రి రెండు గంటలకు వార్డులో రోగి పక్కబట్టలు మార్చిన ఆయాను ఆయన ఎన్నడూ చూసి ఉండడు కాబట్టి ఆమె పేరు ఆయనకు తోచదు, అంతే. అకౌంట్స్ గదిలోనో, ఎండీ గారి గది బయటో కూర్చునేవారికి వచ్చినంత తరచుగా లాండ్రీలోనో, స్టోరులోనో, గేటు దగ్గరో నిలబడేవారికి అవార్డు రాదు. లిఫ్టు పక్కన 'ఈ నెల ఉత్తమ ఉద్యోగి' అని ఫ్రేము తగిలించి, అందులో ఏ ఆర్నెల్ల కిందటి ఫొటోనో అలాగే వదిలేసిన కార్యాలయాలు కూడా నేను చూశాను. ఆ పథకం మీద యాజమాన్యానికి ఎంత శ్రద్ధ ఉందో ఆ దారిన వెళ్లే ప్రతి ఉద్యోగికీ ఆ ఫ్రేమే రోజూ చెబుతూ ఉంటుంది.

నేను పనిచేసిన ఒక సంస్థలో గణతంత్ర దినోత్సవం నాడు ఒక సెక్యూరిటీ గార్డుకు అవార్డు ప్రకటించారు. అర్ధరాత్రి జనరేటర్ గదిలో పొగ గమనించి పెద్ద ప్రమాదం తప్పించిన మనిషి అతను. జ్ఞాపికతో పాటు రెండు వేల రూపాయల నగదు అని వేదిక మీద మైకులో చెప్పారు. మర్నాడు అతను కవరు కోసం మా విభాగానికి వస్తే, ఆ పేరు మా మస్టర్‌లో లేదు. అతను కాంట్రాక్టరు కింద పనిచేసేవాడు, సంస్థ ఉద్యోగి కాదు. ఏ పద్దు కింద చెల్లించాలో ఎవరూ తేల్చలేదు. కాగితం పై అంతస్తుకు వెళ్లింది, తిరిగి వచ్చింది, కాంట్రాక్టరు దగ్గరకు వెళ్లింది, అక్కడే ఉండిపోయింది. అతనికి దక్కింది షీల్డు ఒక్కటే. "దీన్ని ఇంట్ల యాడ వెట్టాలె సారూ, మాది ఒక్కటే అర్ర" అని నవ్వి వెళ్లిపోయాడు. షీల్డుల దుకాణం వారి బిల్లు మాత్రం ఆ వారంలోనే పాసయింది.

పథకం గురించి మాట్లాడే ముందు, పథకం కానిదేదో తేల్చుకోవడం అవసరం. చట్టప్రకారం ఇచ్చి తీరవలసినదాన్ని బహుమతి అని పిలవకూడదు. ఇరవై మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలలో, వేతన పరిమితికి లోబడిన ఉద్యోగులకు ఏటా కనీసం 8.33 శాతం, గరిష్ఠంగా 20 శాతం బోనస్ ఇవ్వాలని 1965 నాటి బోనస్ చెల్లింపు చట్టం చెప్పింది. 2019 వేతనాల స్మృతి కూడా ఆ రెండు అంకెలను అలాగే నిలిపింది. ఏడాదిలో 30 రోజులు పనిచేసినవారికీ ఆ హక్కు ఉంది. లాభం రాని ఏడాదిలోనూ కనీస బోనస్ తప్పదు. అయినా దసరా ముందు ఆ మొత్తాన్నే మిఠాయి డబ్బాతో కలిపి 'యాజమాన్యం కానుక' అని పంచి, ఫొటో తీయించి పత్రికలకు పంపే అలవాటు మన దగ్గర ఉంది. ఓవర్‌టైమ్ సంగతీ అంతే. ఫ్యాక్టరీలలో అదనపు గంటలకు రెట్టింపు వేతనం ఇవ్వాలని 1948 నుంచీ చట్టం ఉండగా, సింగిల్ రేటు లెక్క కట్టి, దాని మీద ఒక బిర్యానీ పొట్లం చేర్చి ప్రోత్సాహకం అంటే ఉద్యోగికి లెక్క తెలియదని అనుకోవడమే. నెల జీతం మరుసటి నెల ఏడో తేదీ లోపు పడకుండా, పీఎఫ్ జమ కాకుండా, ఈఎస్ఐ కార్డు చేతికి రాకుండా పెట్టే ఏ అవార్డుల పథకమైనా ఉద్యోగుల మధ్య వేళాకోళంగానే మిగులుతుంది. మీలో ఇవన్నీ సక్రమంగా చేస్తున్నవారు చాలామందే ఉన్నారని నాకు తెలుసు. ఈ లేఖలో మిగతా భాగం ముఖ్యంగా వారి కోసమే, ఎందుకంటే పథకం పెట్టే అర్హత ముందుగా వారికే ఉంది.

నిబంధన అంటే ఎలా ఉండాలో చూడటానికి దూరం వెళ్లనక్కర లేదు. సింగరేణిలో ఏటా ప్రకటించే లాభాల వాటానే తీసుకోండి. 2023-24 సంవత్సరానికి 33 శాతం కింద 796 కోట్ల రూపాయలు, 2024-25కు 34 శాతం కింద 819 కోట్ల రూపాయలు కార్మికులకు పంచారు. గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లిలలో దసరా దగ్గర పడుతుంటే 'ఈసారి ఎంత శాతం' అన్న మాట లేని టీ కొట్టు ఉండదు. ఆ శాతాన్ని ఏటికేడు ప్రభుత్వమే ప్రకటిస్తుంది కనుక అందులో రాజకీయం లేదని నేను చెప్పను. కానీ ఒకసారి శాతం తేలాక, తన మస్టర్లను, అంటే పనికి హాజరైన రోజులను బట్టి తనకు ఎంత వస్తుందో కార్మికుడు స్వయంగా అంచనా వేసుకోగలడు. ఆఫీసరు ముఖం చూడనక్కర లేదు, ఎవరి సిఫారసూ అక్కర లేదు. అదే సంస్థ కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా 2024లో ఒక్కొక్కరికి 5,000 రూపాయలు, 2025లో 5,500 రూపాయలు ఇచ్చింది. 2024లో పర్మినెంట్ కార్మికుడికి సగటున దక్కిన లక్షా 90 వేలతో పోలిస్తే ఈ మొత్తం చాలా చిన్నది, ఆ తేడా మీద కార్మిక సంఘాల వాదన సబబే. అయినా మస్టర్‌లో లేని మనిషికి కూడా ఒక పద్దు తెరవడం సాధ్యమేనని, తలుచుకుంటే దారి దొరుకుతుందని అది రుజువు చేసింది. అక్కడ ఇరవై ఐదు వేల మంది కాంట్రాక్టు కార్మికులకు సాధ్యమైనది మీ గేటు దగ్గర నిలబడే ఆరుగురికి ఎందుకు సాధ్యం కాదు?

ఇక అసలు చిక్కు దగ్గరకు వద్దాం. దేన్ని కొలిచి బహుమతి ఇవ్వాలి? మీరు ఏది కొలిస్తే ఉద్యోగి అదే చేసి చూపిస్తాడు, మీరు కోరుకున్నది అది కాకపోయినా సరే. దీనికి మన జిల్లా ఒకసారి భారీ మూల్యం చెల్లించింది. 2010 ప్రాంతంలో మహిళా గ్రూపులకు చిన్న చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ సంస్థల సిబ్బందికి ఎన్ని అప్పులు ఇప్పించారు, ఎంత వసూలు చేశారు అన్న లెక్కల మీదే ప్రోత్సాహకాలు ముడిపడి ఉండేవి. అప్పు తీసుకునే మహిళ అప్పటికే ఇంకో రెండు చోట్ల అప్పు చేసిందా, వారం వారం కట్టగలదా అని చూసినందుకు ఆ ఉద్యోగికి వచ్చేది ఏమీ లేదు. ఫలితం అందరికీ తెలిసిందే. వరంగల్‌తో సహా పలు జిల్లాల నుంచి ఆత్మహత్యల వార్తలు వచ్చాయి, 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వారపు కిస్తులను నెలవారీ చేయాల్సి వచ్చింది. వసూలుకు వచ్చిన ఆ కుర్రాళ్లలో చాలామంది మన పల్లెల నుంచి వచ్చిన డిగ్రీ చదివిన పిల్లలే. వాళ్లు పుట్టుకతో కఠినులు కారు. వాళ్ల ప్రోత్సాహకం ఏ అంకె మీద ఆధారపడి ఉందో ఆ అంకె వెంట వాళ్లు పరిగెత్తారు.

అంత పెద్ద విషయం వద్దనుకుంటే మన వస్త్ర దుకాణాలే చూడండి. కదలని పాత స్టాకు మీద చీరకు ఇంత అని సేల్స్ సిబ్బందికి ఇన్సెంటివ్ పెడతారు. ఇంట్లో పెళ్లి పెట్టుకుని నర్సంపేట నుంచో, పరకాల నుంచో వచ్చిన కుటుంబం ముందు వాళ్లు అడిగిన రంగు కాకుండా ఆ పాత స్టాకే పదే పదే పరుస్తారు. చీర అమ్ముడుపోతుంది, ఆ కుటుంబం మరుసటి పెళ్లికి వేరే దుకాణానికి పోతుంది. మొదటి సంగతి నెలాఖరు రిపోర్టులో కనిపిస్తుంది, రెండోది ఏ రిపోర్టులోనూ కనిపించదు. పైగా ఇన్సెంటివ్ ఒక్కడికే అయినప్పుడు గిరాకీ ఎవరిదన్న దానిపై కౌంటరు దగ్గర గొడవలు మొదలవుతాయి. ఒక్క అమ్మకానికి ఎనభై చీరలు విప్పి పరుస్తారు. అమ్మినవాడికి కమీషను వస్తుంది. ఆ ఎనభై చీరలనూ మడత నలగకుండా, అంచు అంచుకు కలిపి, తిరిగి అట్టపెట్టెలలో సర్దే పిల్లవాడికి మాత్రం ఏ లెక్కలోనూ చోటు లేదు. అతను ఆ పని సరిగా చేయకపోతే మరునాటి అమ్మకమే లేదని కౌంటరులో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అందుకే అమ్మకాల మీద ఇచ్చే మొత్తాన్ని మనిషికి కాకుండా కౌంటరుకు ఇచ్చి, మడతలు వేసేవాడితో సహా అందరికీ పంచండని నా సూచన. కొన్న వస్తువు వాపసు వస్తే ఆ మేరకు తగ్గించండి.

ఆసుపత్రుల యాజమాన్యాలకు ఒక మాట విడిగా చెప్పాలి. ఎన్ని అడ్మిషన్లు, ఎన్ని పరీక్షలు అన్న లెక్క మీద రోగులను రప్పించే పీఆర్వోలకు గానీ డాక్టర్లకు గానీ ప్రోత్సాహకం పెట్టడం ప్రోత్సాహకం కాదు, రోగి మీద పన్ను. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. నర్సింగ్ సిబ్బంది విషయంలో మాత్రం సంగతి ఇంకొంచెం సున్నితమైనది. 'ఈ నెల మా వార్డులో ఎవరూ మంచం మీద నుంచి పడలేదు, ఎవరికీ మందు మారలేదు' అన్న వార్డుకు బహుమతి ఇస్తామని ప్రకటిస్తే, పడిన రోగి సంగతి రిజిస్టరులోకి ఎక్కదు. మందు మారినా ఎవరూ చెప్పరు. స్పిన్నింగ్ యూనిట్లలోనూ ఇంతే. 'ప్రమాదం లేని రోజులు' అని బోర్డు పెట్టి దానికి బహుమతి ముడిపెడితే, వేలు నలిగిన పిల్ల గుడ్డ కట్టుకుని షిఫ్టు పూర్తి చేస్తుంది, ఎందుకంటే తన వల్ల అందరి బహుమతి పోతుందని పక్కవారు అంటారు. బహుమతి ఇవ్వాల్సింది తప్పు జరగనందుకు కాదు, జరిగినదాన్ని వెంటనే చెప్పినందుకు, జరగబోయినదాన్ని గమనించినందుకు. పొగ చూసిన ఆ గార్డు చేసింది అదే.

హాజరు బహుమతి చాలామందికి సులభంగా తోస్తుంది, ఎందుకంటే బయోమెట్రిక్ యంత్రమే లెక్క ఇస్తుంది. అమెరికాలో ఒక పారిశ్రామిక లాండ్రీ సంస్థ తన ప్లాంట్లలో ఒకదానిలో ఇదే చేసింది. నెలంతా అనుమతి లేకుండా మానకుండా, ఆలస్యం కాకుండా వచ్చినవారిని సన్మానించి, వారి పేర్లు లాటరీ వేసి గిఫ్ట్ కార్డు ఇచ్చింది. 2016లో వెలువడిన ఒక పరిశోధన ఆ లెక్కలను విప్పి చూపింది. నెల మొదట్లోనే ఒకరోజు ఆలస్యమై అర్హత పోగొట్టుకున్నవారు మిగతా నెలంతా పాత పద్ధతిలోనే వచ్చారు. ఏ బహుమతీ లేకుండానే వేళకు వచ్చి బాగా పనిచేస్తున్నవారి ఉత్సాహం తగ్గింది, వారి పని కూడా తగ్గింది. మొత్తం మీద సంస్థకు నష్టమే వచ్చింది. ఆసుపత్రిలోనైతే దీనికి ఇంకో ప్రమాదం తోడవుతుంది: జ్వరంతో ఉన్న నర్సు బహుమతి పోతుందని డ్యూటీకి వస్తుంది.

మనస్సాక్షితో చేసే పనికి ధర కట్టడంలో ఉన్న ఇబ్బందిని 1973లో అమెరికాలో చిన్నపిల్లల మీద చేసిన ఒక ప్రయోగం బాగా చూపింది. బొమ్మలు వేయడం అంటే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి 'బొమ్మ వేస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం' అని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. తర్వాత ఖాళీగా వదిలినప్పుడు, ముందే మాట తీసుకున్న పిల్లలు మిగతావారి కంటే తక్కువగా బొమ్మలు వేశారు. చెప్పకుండా ఇచ్చినవారిలో ఆ ఆసక్తి తగ్గలేదు. ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. ముందే రాసిన నిబంధన కావాలని ఇంతసేపు చెప్పి, ఇప్పుడు చెప్పకుండా ఇచ్చిందే మేలంటున్నానని. రెండింటికీ వేర్వేరు చోట్లున్నాయి. లెక్కించగలిగిన అదనపు శ్రమకు, అందరూ కలిసి సాధించిన ఫలితానికి నిబంధన ప్రకారం డబ్బు ఇవ్వాలి. రోగిని ఓదార్చడం, కొత్తగా చేరిన పిల్లకు పని నేర్పడం వంటివాటికి రేటు పెట్టకూడదు. అవి కంటపడిన రోజునే, ఆ పని పేరు చెప్పి, అందరి ముందూ మెచ్చుకోవాలి. దానికి బడ్జెట్ అక్కర లేదు. 'బాగా చేస్తున్నావమ్మా' అనడం వేరు, 'రాత్రి ఏడో నంబరు బెడ్ ముసలాయనకు సెలైన్ లీకవుతున్నది నువ్వే చూశావట, మంచి పని చేశావు' అనడం వేరు. రెండోది చెప్పాలంటే యజమాని వార్డులో తిరగాలి.

ఒకే అంకెతో అందరినీ తూచడం కూడా న్యాయం కాదు. ఆర్టీసీ డిపోలలో డ్రైవర్లకు లీటరు డీజిల్‌కు బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్న లెక్క ఉంది, వాళ్ల భాషలో కేఎంపీఎల్. డ్రైవరుకు అర్థమయ్యే, తన చేతుల్లో ఉన్న కొలమానం కనుక అది మంచిదే. కానీ కొత్త బస్సుతో హైదరాబాద్ నాలుగు వరుసల రహదారి మీద వెళ్లే మనిషిని, పాత బస్సుతో ములుగు దాటి ఏటూరునాగారం వైపు ప్రతి పల్లెలో ఆగుతూ వెళ్లే మనిషిని ఒక వరుసలో నిలబెట్టలేం. వాళ్లవాళ్ల రూటులో వాళ్ల నిన్నటి లెక్కతోనే పోల్చాలి. మీ సంస్థలోనూ ఓపీ కౌంటరును ఎమర్జెన్సీతో, పట్టుచీరల కౌంటరును లుంగీల కౌంటరుతో పోల్చకండి.

ఖర్చు సంగతి. ఉదాహరణకు కాంట్రాక్టు మనుషులతో కలిపి అరవై మంది పనిచేసే సంస్థలో సగటు జీతం 14,000 రూపాయలనుకుందాం. నెలకు 8,40,000, ఏడాదికి 1,00,80,000. అందులో ఒక్క శాతం 1,00,800 రూపాయలు, అంటే మూడు నెలలకు 25,200. ఇందులో సగం, 12,600, ముందుగా రాసి ప్రకటించిన లక్ష్యాన్ని అందుకున్న విభాగానికి ఇవ్వవచ్చు; పన్నెండు మంది ఉంటే తలా 1,050 వస్తుంది. మిగతా సగంలో ఆరుగురికి రెండు వేల చొప్పున వ్యక్తిగత బహుమతులు ఇవ్వవచ్చు. ఇంకా ఆరు వందలు మిగులుతాయి, అవి కాగితాలకు, చీటీల పెట్టెకు, టీకి చాలు. మీ వార్షికోత్సవం ఫైలు తెరిచి హాలు అద్దె, ఫ్లెక్సీలు, శాలువాలు, భోజనాల బిల్లులు ఒకసారి కూడి చూడండి. ఈ లక్ష రూపాయలు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్నకు చాలామందికి అక్కడే జవాబు దొరుకుతుంది. జ్ఞాపికల దుకాణాల వారికి నా మీద కోపం రావచ్చు, వారు మన్నించాలి. నగదుకు, వస్తువుకు ఆదాయపు పన్ను లెక్క వేరుగా ఉంటుంది కనుక ఆ విషయం మీ ఆడిటరును అడగండి.

ఎంపిక ఎవరు చేయాలన్నది డబ్బు కన్నా ముఖ్యం. యాజమాన్యం తరఫున ఒకరు, సూపర్‌వైజర్ల నుంచి ఒకరు, సిబ్బంది చీటీల ద్వారా ఎన్నుకున్న ముగ్గురు ఉన్న చిన్న కమిటీ చాలు. ఆ ముగ్గురిలో ఒకరు రాత్రి షిఫ్టు వారు, ఒకరు కాంట్రాక్టు వారు అయి ఉండాలి, కనీసం ఒక్కరైనా మహిళ ఉండాలి. పేర్లు పై నుంచి కాకుండా పక్కనున్నవారి నుంచి రావాలి. రాయడం రానివారు నోటితో చెబితే రాసుకునే మనిషి ఉండాలి. ఎవరికి ఇచ్చారో, ఏ పనికి ఇచ్చారో ఒక వాక్యంలో తెలుగులో రాసి, హాజరు యంత్రం పక్కన అంటించాలి. ఆ వాక్యం రాయలేకపోతే ఆ బహుమతి ఇవ్వకూడదు. అభ్యంతరం ఉన్నవారు చెప్పుకోవడానికి ఒక వారం గడువు, ఒకసారి తీసుకున్న మనిషికి ఏడాది లోపు మళ్లీ వద్దన్న నియమం ఉంటే పక్షపాతం అన్న మాట చాలావరకు వినిపించదు. యజమాని బంధువులకు ఈ పథకం వర్తించదని కూడా రాయండి. మన ఊళ్లో ఈ వాక్యం అవసరం ఎందుకో మీకు వివరించనక్కర లేదు.

ఇచ్చేది డబ్బే కానక్కర లేదు. ఏమిస్తే బాగుంటుందో మన కాలెండరే చెబుతుంది. సద్దుల బతుకమ్మ నాడు మధ్యాహ్నానికైనా ఇల్లు చేరకపోతే తంగేడు, గునుగు పేర్చి సాయంత్రానికి బతుకమ్మ సిద్ధం కాదు. ఆ రోజు నైట్ డ్యూటీ పడిన నర్సుకు, రాత్రి పది దాకా కౌంటరులో నిలబడ్డ సేల్స్ గర్ల్‌కు వెయ్యి రూపాయల కూపన్ కన్నా ఆ సగం రోజు విలువైనది. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తే సెలవుల కోసం ఏం జరుగుతుందో మీకు తెలుసు. సగం మంది చెప్పకుండా పోతారు, మీరు జీతం కోస్తారు, ఆ నెలంతా మొహాలు మాడ్చుకుని గడుపుతారు. దానికి బదులు జాతరకు ఆరు నెలల ముందే, జాతరకు వెళ్లడానికి రెండు రోజుల జీతంతో కూడిన సెలవును నిబంధన ప్రకారం సంపాదించుకునే వీలు కల్పించండి. జాతర రోజుల్లో డ్యూటీ మీద ఉండిపోయినవారికి అంతకు అంత సెలవు తర్వాత ఇవ్వండి. ఇక ఏడాదికోసారి నగదు ఇవ్వదలిస్తే జూన్ మొదటి వారంలో ఇవ్వండి. బడి ఫీజు, పుస్తకాలు, యూనిఫారాలు ఒకేసారి మీద పడే ఆ రోజుల్లో మన ఆయాలు, వార్డుబాయ్‌లు, గుమాస్తాలు ఏ వడ్డీకి చేబదుళ్లు తెస్తారో జీతాల విభాగంలో ఉన్నవారికి తెలుసు, ఎందుకంటే అడ్వాన్సు దరఖాస్తులన్నీ అప్పుడే వస్తాయి. అదే రెండు వేలు డిసెంబరులో ఇస్తే ఖర్చయిపోతాయి, జూన్‌లో ఇస్తే గుర్తుంటాయి.

'ఒకసారి ఇస్తే అలవాటవుతుంది, తర్వాత ఆపితే గొడవ' అని మీలో కొందరు నాతో అన్నారు. యజమాని ఇష్టప్రకారం ఇచ్చి ఆపితే గొడవే. లక్ష్యం, గడువు, మొత్తం ముందే రాసి ఉంటే, ఈ మూడు నెలలు లక్ష్యం అందలేదు కనుక ఇవ్వలేదని ఆ కాగితమే చెబుతుంది. 'నేర్పించి, బహుమతులిచ్చినా పక్క ఆసుపత్రి వాళ్లు వెయ్యి ఎక్కువిస్తే పోతారు' అన్నది ఇంకో మాట. నిజమే, పోతారు. జీతం మార్కెట్‌లో ఉన్నదానికంటే తక్కువైతే ఏ పథకమూ వారిని ఆపలేదు, ఆపాలని ఆశించడం కూడా న్యాయం కాదు. జీతం దాదాపు సమానంగా ఉన్నచోట మాత్రం, తన పని ఎవరో చూస్తున్నారన్న నమ్మకం ఉన్న మనిషి అంత తొందరగా కదలడు. అనుభవమున్న ఒక స్టాఫ్ నర్సు వెళ్లిపోయాక కొత్త అమ్మాయి అదే పనితనంతో పనిచేయడానికి ఎన్ని నెలలు పడుతుందో, ఆ నెలల్లో ఇన్‌ఛార్జి సిస్టరు ఎన్ని షిఫ్టులు అదనంగా చేస్తుందో మీ రోస్టరులోనే ఉంది.

చివరగా కాంట్రాక్టు సిబ్బంది. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, క్యాంటీన్, లోడింగ్ పనులన్నీ ఇప్పుడు ఏజెన్సీల ద్వారానే జరుగుతున్నాయి, మీ పథకాలన్నీ వారి దగ్గరికి రాగానే ఆగిపోతున్నాయి. 'వాళ్లు మా ఉద్యోగులు కారు' అన్న జవాబు చట్టం దగ్గర కూడా పూర్తిగా నిలవదు. కాంట్రాక్టరు వేతనం ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టమే చెప్పింది. వేతనానికి ఉన్న బాధ్యత బహుమతికి లేకపోవచ్చు, కానీ దారి అదే. ఏజెన్సీతో రాసుకునే ఒప్పందంలో ఒక షరతు చేర్చండి: సంస్థ కమిటీ ఎంపిక చేసినవారికి ప్రకటించిన మొత్తాన్ని ఏజెన్సీ తన వేతన పట్టికలో విడి గడిలో చూపి, కమీషను కోసుకోకుండా, ఆ నెల జీతంతోనే బ్యాంకు ఖాతాలో వేయాలి, ఆ చెల్లింపు రుజువు జత చేస్తేనే మరుసటి బిల్లు పాసవుతుంది. జీతాల విభాగానికి ఇది అరగంట పని.

వచ్చే చాంబర్ ఆఫ్ కామర్స్ (వర్తక సంఘం) సమావేశంలో, ఆసుపత్రుల, వస్త్ర వ్యాపారుల సంఘాల సమావేశాలలో దీన్ని చర్చకు పెట్టాలని, ఒకరిద్దరైనా మూడు నెలల పాటు ఒక్క విభాగంలో అమలు చేసి చూసి, ఆ విభాగం వారినే పేరు లేని చీటీల మీద అభిప్రాయం అడిగి, అవసరమైన మార్పులు చేసుకున్నాకే మిగతా విభాగాలకు విస్తరించాలని నా విజ్ఞప్తి. నిబంధనల ముసాయిదా రాయడానికి, పద్దులు తెరవడానికి నా వంటి విశ్రాంత ఉద్యోగుల సాయం కావాలంటే జీతం లేకుండానే వచ్చి కూర్చుంటాం. ఏజెన్సీల ఒప్పందాలు చాలాచోట్ల ఏప్రిల్‌లో కొత్తగా రాస్తారు కనుక, కాంట్రాక్టు సిబ్బందికి సంబంధించిన షరతు మార్చి నెలాఖరు లోపే ముసాయిదాలో చేరేలా చూడగలరు.

ఇట్లు,
జీతాల విభాగంలో పనిచేసి రిటైరైన ఒక ఉద్యోగి,
హనుమకొండ.